ఎడారి రాత్రిలో నిద్ర: గుడారమా, ఊయలా?

నవంబరు నెల వచ్చేసరికి ఖతార్ దేశంలో ఎండ తీవ్రత తగ్గుతుంది. వేసవి నెలలన్నీ తలుపులు బిగించుకుని ఏ.సి. గదుల్లో గడిపిన కుటుంబాలు ఆరుబయటికి రావడం మొదలుపెడతాయి. వారాంతం కాగానే దోహా నుండి దక్షిణాన మెసయీద్ దాటి సీలైన్ ఇసుక తిన్నెల వైపు, పశ్చిమాన జెక్రీత్ సున్నపురాతి గుట్టల వైపు వాహనాలు బారులు తీరుతాయి. తెలుగు కుటుంబాలు కూడా పులిహోర, పెరుగన్నం కట్టుకుని, చాపలూ దుప్పట్లూ సర్దుకుని బయలుదేరుతాయి. అయితే వీరిలో చాలామంది చీకటి పడగానే ఇంటిదారి పడతారు. "ఈ రాత్రికి ఇక్కడే పడుకుందాం" అని పిల్లలు మారాం చేస్తే పెద్దలకు నూరు సందేహాలు కలుగుతాయి. పాములుంటాయేమో, తేళ్ళు కుడతాయేమో, చలికి పిల్లలు జబ్బు పడతారేమో, ఆ చీకట్లో ఎవరు వస్తారో ఏమో!

ఈ భయాలలో కొన్నింటికి ఆధారం ఉంది, కొన్నింటికి లేదు. విచిత్రమేమంటే, ఎడారి రాత్రిలో నిజంగా ప్రాణం తీయగల కొన్ని విషయాలు ఎవరికీ భయం కలిగించవు. భయం ఒక దారిన, ప్రమాదం మరొక దారిన నడుస్తాయి. గుడారంలో పడుకోవాలా, ఊయలలో పడుకోవాలా అన్న చిన్న ప్రశ్నను పట్టుకుని వెళితే ఈ రెండింటి మధ్య తేడా చక్కగా బోధపడుతుంది.

మంచె నుండి ఊయల దాకా

ఆరుబయట నిద్ర తెలుగువారికి కొత్త కాదు. జొన్నచేను కంకి వేసే కాలంలో నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరచి కట్టిన మంచె మీద రైతు రాత్రంతా కాపలా ఉండేవాడు. కోతలయ్యాక కల్లంలో ధాన్యపు రాశి పక్కన పడక వేసేవాడు. వేసవిలో ఇల్లిల్లూ వాకిట్లోనో డాబా మీదనో నులక మంచాలు పరిచేది. ఇక చంటిపిల్లలకు దూలానికి కట్టిన చీర ఉయ్యాలే పడక. ఈ ఏర్పాట్లలో మంచె, నులక మంచం, చీర ఉయ్యాల మూడింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. పడుకునే మనిషి నేలకు అంటకుండా, పైకి ఉంటాడు.

చీర ఉయ్యాలను పెద్దవాళ్ళకు సరిపడేంతగా పెంచితే అదే హామక్. కరీబియన్ దీవుల్లోని తైనో జాతివారి పదం నుండి ఈ పేరు వచ్చింది. 1492లో ఆ దీవులకు చేరిన కొలంబస్ బృందం అక్కడివారు రెండు ఆధారాల మధ్య వల కట్టుకుని పడుకోవడం చూసింది. తడినేల, పురుగూపుట్ర, దట్టమైన చెట్లు ఉన్న ఆ ప్రాంతానికి అది తగిన పడక. తరువాతి కాలంలో ఐరోపా నావికులు దానిని ఓడలలోకి తెచ్చారు. ఓడ ఎటు ఒరిగినా ఊయల నిటారుగా వేలాడుతూ ఉండటం వల్ల పడుకున్నవాడు దొర్లి పడిపోడు.

గుడారం కథ వేరు. అరేబియా ఎడారిలో చెట్లు అరుదు, గాలి అధికం. అందుకే అక్కడి బదూయీ ప్రజలు మేక వెంట్రుకలతో నేసిన నల్లని గుడారాన్ని రూపొందించుకున్నారు. దాని అరబ్బీ పేరు బైత్ అల్ షార్, అంటే వెంట్రుకల ఇల్లు. పొడి వాతావరణంలో ఆ నేత వదులుగా ఉండి గాలిని లోపలికి పంపుతుంది. వాన కురిసినప్పుడు పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. గుడారం ఎత్తు తక్కువ, తాళ్ళు పొడవు. అందువల్ల గాలి దాని మీదుగా జారిపోతుంది. 2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల ప్రారంభ క్రీడ జరిగిన అల్ ఖోర్‌లోని అల్ బైత్ క్రీడామైదానానికి ఈ గుడారమే నమూనా. పేరూ రూపమూ రెండూ దాని నుండే వచ్చాయి.

దండెం చెప్పే పాఠం

ఊయల కట్టుకోవాలంటే రెండు దృఢమైన ఆధారాలు కావాలి. ఎంత దృఢంగా ఉండాలన్నది చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. తడి దుప్పటి ఆరవేసేటప్పుడు గృహిణులకు అనుభవమయ్యే విషయమే ఇది. దండెం కాస్త వదులుగా ఉంటే దుప్పటి బరువును తేలికగా మోస్తుంది. నిటారుగా బిగించి కడితే అదే దుప్పటికి తాడు తెగుతుంది, లేదా మేకు ఊడి వస్తుంది.

దీనికి లెక్క ఉంది. 70 కిలోల మనిషి ఊయలలో పడుకున్నాడనుకుంటే, తాడు క్షితిజ రేఖతో 30 డిగ్రీల కోణం చేసినప్పుడు ఒక్కొక్క తాటిపై పడే లాగుడు సరిగ్గా 70 కిలోలు. తాటిని బిగించి కోణాన్ని 10 డిగ్రీలకు తగ్గిస్తే ఆ లాగుడు సుమారు 200 కిలోలవుతుంది. 5 డిగ్రీలకు తగ్గితే 400 కిలోలు! మనిషి బరువు పెరగలేదు, కోణం మాత్రమే మారింది. తాడు అడ్డంగా ఉన్నకొద్దీ బరువును పైకి మోసే భాగం తగ్గిపోయి, ఆధారాలను లోపలికి లాగే భాగం పెరిగిపోతుంది. కాబట్టి ఊయల వంపు తిరిగి, నవ్వే పెదవిలా వేలాడాలి. అందులో కొంచెం ఐమూలగా పడుకుంటే వెన్ను వంగకుండా చదునుగా ఉంటుంది. నేల నుండి ఎత్తు కుర్చీ ఎత్తును మించకూడదు.

ఇటుక స్తంభాలకు, పిట్టగోడలకు ఊయల కట్టడం ప్రమాదం. ఇటుక కట్టడం పైనుండి పడే బరువును మోయగలదు గాని పక్కకు లాగే బలానికి నిలవదు. అలా కట్టిన స్తంభం కూలి పిల్లలు మరణించిన సంఘటనలు కొన్ని దేశాల్లో జరిగాయి. ఎడారిలో రెండు వాహనాల మధ్య ఊయల కట్టే అలవాటూ ఇటువంటిదే. ఎవరో తెలియక ఒక బండిని కదిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇక చెట్ల మాట. ఖతార్‌లో సాలీనా పడే వాన 100 మిల్లీమీటర్ల లోపే. ఆ కాస్త నీటితో బతికే తుమ్మ జాతి చెట్లు, రేగు చెట్లు ఈ దేశానికి అపురూప సంపద. మొక్కలకు హాని కలిగించకుండా 1995లోనే ఇక్కడ చట్టం చేశారు. కాబట్టి దారి పక్కన ఒంటరిగా నిలిచిన చెట్టుకు తాడు బిగించడం తగదు. ఊయల మీద మక్కువ ఉన్నవారు ఇనుప చట్రంతో వచ్చే ఊయలను తీసుకువెళ్ళడమే మేలు.

చలి ఎటునుండి వస్తుంది?

ఎడారి అనగానే వేడి గుర్తుకు వస్తుంది. కాని 2017 ఫిబ్రవరిలో ఖతార్ సరిహద్దులోని అబూ సమ్రాలో ఉష్ణోగ్రత 1.5 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. పగటి వేడి రాత్రికి ఎక్కడికి పోతుంది?

ప్రతి వస్తువూ కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో వేడిని వెదజల్లుతూనే ఉంటుంది. మబ్బులూ నీటి ఆవిరీ ఉంటే ఆ వేడిలో కొంత భాగం తిరిగి వస్తుంది. నిర్మలమైన పొడి ఆకాశం కింద అది అంతరిక్షంలోకి సాగిపోతుంది. ఊళ్ళో ఆరుబయట పడుకున్నప్పుడు దుప్పటి మంచుకు తడిసిపోవడం, పందిరి కిందికి జరిగితే తడవకపోవడం చాలామందికి అనుభవమే. మంచు పైనుండి పడదు. ఆకాశానికి ఎదురుగా ఉన్న దుప్పటి వేడిని కోల్పోయి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని ఆవిరి దాని మీద నీరవుతుంది. పందిరి ఆకాశాన్ని మరుగు చేస్తుంది కాబట్టి ఆ నష్టం తగ్గుతుంది. గుడారపు గుడ్డ చేసే పని కూడా అదే. ఊయల వాడేవారు పైన ఒక గుడ్డను చూరులా కట్టుకుంటే ఈ మేలు వారికీ దక్కుతుంది.

ఊయలకు అసలు చలి కిందినుండి వస్తుంది. దుప్పటి గాని రజాయి గాని వెచ్చదనాన్ని సృష్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి శరీరపు వేడిని బయటికి పోకుండా ఆపుతుంది. ఊయలలో పడుకున్నప్పుడు శరీరం కింది పొర నలిగి ఆ గాలి బయటికి పోతుంది. ఆపైన అడుగున చల్లగాలి వీస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో నులక మంచం హాయిగా ఉండటానికీ, చలికాలంలో దాని మీద బొంత తప్పనిసరి కావడానికీ కారణం ఒక్కటే. అందువల్ల ఏప్రిల్ రాత్రి సుఖమిచ్చే ఊయల జనవరి రాత్రి వణికిస్తుంది. అడుగున దళసరి నురగ చాప ఉంటే తప్ప నిద్ర పట్టదు.

గుడారంలో ఒంటి వేడిని నేల పీల్చుకుంటుంది. చాప పరిస్తే అది తగ్గుతుంది. ఇక్కడ పిల్లలతో చేయించదగిన చిన్న ప్రయోగం ఒకటి ఉంది. రాత్రి తొమ్మిది గంటలకు ఇసుక పైభాగాన్ని తాకితే చల్లగా ఉంటుంది. జానెడు లోతున చేయి పెడితే వెచ్చగా తగులుతుంది. పొడి ఇసుక వేడిని నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది కాబట్టి పగటి వేడి లోపలే దాగి ఉంటుంది. ఎడారి జీవులు బొరియలు తవ్వుకునే రహస్యం ఇదే. అయితే చేయి పెట్టే ముందు చిన్న పారతో తవ్వి చూడటం మంచిది.

గుడారానికీ ఒక లోపం ఉంది. ఒక మనిషి శ్వాస ద్వారా, చర్మం ద్వారా రాత్రంతా సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా విడుస్తాడు. నలుగురు పడుకుంటే లీటరు! గుడారాన్ని పూర్తిగా మూసేస్తే ఆ నీరంతా లోపలి గుడ్డ మీద చేరి తెల్లవారే సరికి చుక్కలుగా రాలుతుంది. కాబట్టి చలిగా ఉన్నా పైన, కింద కొద్దిపాటి సందు విడవాలి. ఈ సందుకు మరొక ప్రాముఖ్యం కూడా ఉంది.

ఎవరూ భయపడని ప్రమాదం

చలి వేసినప్పుడు మాంసమో మొక్కజొన్నలో కాల్చుకున్న బొగ్గుల పొయ్యిని గుడారంలోకి జరుపుకోవాలన్న ఆలోచన ఎవరికైనా కలుగుతుంది. మంట ఆరిపోయింది, పొగ లేదు, ఎర్రని కణకణలు వెచ్చగా ఉన్నాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం ఇదే.

బొగ్గు చాలినంత ప్రాణవాయువు లేకుండా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌కు ఈ వాయువుతో ఉన్న ఆకర్షణ ప్రాణవాయువుతో ఉన్నదానికన్నా 200 రెట్లకు పైగా అధికం. అందువల్ల కొద్దిపాటి వాయువు చేరినా రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. మొదట తలనొప్పి, వికారం, మగత. మెలకువగా ఉన్నవాడు బయటికి నడవగలడేమో. నిద్రపోతున్నవాడికి ఆ మగత నిద్రలోనే కలిసిపోతుంది. దానిని కనిపెట్టడానికి ప్రకృతి మనిషికి ఏ ఇంద్రియాన్నీ ఇవ్వలేదు.

పూర్వం బాలింతల గదిలో నిప్పుల కుంపటి పెట్టేవారు గదా అని పెద్దలు అడగవచ్చు. పెంకుటింటికి పెంకుల మధ్య సందులు, తాటాకు ఇంటికి చూరు కింద ఖాళీ ఉండేవి. అయినా అప్పుడు కూడా అపాయం లేకపోలేదు. నైలాన్ గుడారానికి ఆ సందులు లేవు. కుంపటి, బొగ్గుల పొయ్యి, గ్యాసు పొయ్యి, ఇంజను ఆడుతున్న కారు, వీటిలో ఏదీ నిద్రపోయే చోటికి దగ్గరగా ఉండరాదు. చల్లారిందనుకున్న బొగ్గు కూడా బయటనే ఉండాలి. గుడారంలో ఉన్నవారికి ఒకేసారి తలనొప్పి వస్తే వెంటనే అందరూ బయటి గాలిలోకి రావాలి, 999కి ఫోను చేయాలి. చలికి మందు మరొక దుప్పటి, వేడినీళ్ళ సీసా, తలకు ఉన్ని టోపీ.

రెండవ ప్రమాదం వాహనాలు. సీలైన్ ప్రాంతంలో రాత్రివేళ కూడా వాహనాలు తిన్నెలెక్కి దిగుతుంటాయి. తిన్నె కొన దాటేవరకు అవతల ఏముందో డ్రైవరుకు కనబడదు. చదునుగా నేలమీద చాప వేసుకుని పడుకున్న కుటుంబం అసలే కనబడదు. కాబట్టి చక్రాల గుర్తులున్న చోట, తిన్నె పాదం వద్ద పడక వేయరాదు. ఎత్తయిన కర్రకు దీపం కట్టి నిలపాలి. ఈ విషయంలో నలుగురికీ కనబడే గుడారం ఊయలకన్నా మేలైనది.

మూడవది నేల ఎంపిక. నీళ్ళు నిలిచే పల్లపు ప్రాంతాలను అరబ్బీలో రౌదా అంటారు. పచ్చగా ఆకర్షణీయంగా ఉన్నా వానవస్తే అవే మొదట మునుగుతాయి. ఖోర్ అల్ అదైద్ వద్ద సముద్రం ఎడారిలోకి చొచ్చుకు వస్తుంది. అక్కడ ఒడ్డున బస చేసేవారు పోటు వేళలు తెలుసుకోవాలి. సబ్ఖా అనే ఉప్పునేల పైకి గట్టిగా కనబడి, లోపల బురదగా ఉండి చక్రాలను మింగుతుంది. ఉరుములు వినబడితే గుడారమూ ఊయలా రెండూ రక్షణ ఇవ్వవు. లోహపు పైకప్పు గల కారులో అద్దాలెత్తుకుని కూర్చోవాలి.

వాయవ్యం నుండి వీచే షమాల్ గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి వేగం రెట్టింపయితే గుడారం మీద దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. పొడి ఇసుకలో మామూలు మేకులు నిలవవు. సంచిలో ఇసుక నింపి, దానికి తాడు కట్టి, మూరెడు లోతున పూడ్చిపెడితే దాని మీది ఇసుక బరువే మేకుగా పనిచేస్తుంది.

నేల మీది ఇరుగుపొరుగు

ఖతార్ ఎడారిలో కొమ్ముల పాము ఉంది, విషమున్న నల్లతేలు ఉంది. కాదనడం పొరపాటు. కాని పాము శీతల రక్త జీవి. చలికాలపు రాత్రుల్లో దాని కదలిక మందగిస్తుంది. మనిషిని వెతుక్కుంటూ రావలసిన పని దానికి లేదు. తేలు వెచ్చదనం కోసం, మరుగు కోసం బూట్లలోకి, మడిచిన దుప్పట్లలోకి చేరుతుంది. నేలకు అంటని ఊయల ఇక్కడ మేలైనదే. అడుగుగుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉండి, జిప్పు ఎప్పుడూ మూసి ఉంచే గుడారం కూడా అంతే రక్షణ ఇస్తుంది. ఊయలవాసి సైతం నడిరాత్రి కాలు నేల మీద పెట్టక తప్పదు. కాబట్టి బూట్లు దులిపి తొడుక్కోవడం, దీపం లేకుండా నడవకపోవడం, రాళ్ళూ కట్టెలూ ఒట్టి చేతులతో ఎత్తకపోవడం ఇద్దరికీ నియమాలే.

తేలు పైపెంకుకు ఒక వింత గుణముంది. అతినీలలోహిత కాంతి పడితే అది ఆకుపచ్చగా మెరుస్తుంది. అటువంటి కాంతినిచ్చే చిన్న చేతిదీపంతో పడక చుట్టూ ఒకసారి వెతికితే నిద్రకు ముందు అనుమానం తీరుతుంది. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయరాదు. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచి 999కి ఫోను చేయాలి. అందుకే ఫోను పనిచేసే చోటనే బస ఎంచుకోవాలి, ఎక్కడ ఉన్నదీ ఊళ్ళో ఒకరికి చెప్పి వెళ్ళాలి.

చీకటి ఎందుకు భయపెడుతుంది?

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టదు. దానికి పిరికితనం కారణం కాదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒక విషయం ప్రకటించారు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులోని ఎడమ అర్ధభాగం కుడి భాగమంత గాఢంగా నిద్రించదు. చిన్న శబ్దానికి కూడా స్పందిస్తూ కాపలా కాస్తుంది. రెండవసారికి ఈ తేడా తగ్గిపోతుంది. అందువల్ల ఎడారికి వెళ్ళేముందు అదే గుడారంలో ఇంటి హాల్లోనో ఆవరణలోనో పిల్లలను ఒక రాత్రి పడుకోబెడితే ఆ పడకయినా వారికి పరిచయమవుతుంది.

శబ్దాల సంగతి కూడా తెలుసుకోదగినదే. రాత్రివేళ నేల దగ్గరి గాలి చల్లబడి, దాని పైపొర వెచ్చగా ఉంటుంది. వెచ్చని గాలిలో ధ్వని వేగం ఎక్కువ కాబట్టి పైకి పోయే ధ్వని తరంగాలు తిరిగి నేలవైపు వంగుతాయి. ఎక్కడో దూరాన ఉన్న ఒంటె అరుపు, నక్క కూత, వాహనపు మోత గుడారం పక్కనే ఉన్నట్లు వినబడేది ఇందుకే. దోహాకు నైరుతిన ఉన్న పాడే ఇసుక తిన్నెల వద్ద ఇసుక జారినప్పుడు విమానం మోతవంటి ధ్వని వస్తుంది. కారణం తెలియనివారికి అది భయం, తెలిసినవారికి వినోదం.

కంటికి చీకటి అలవాటు కావడానికి ఇరవై నుండి ముప్పై నిమిషాలు పడుతుంది. మాటిమాటికీ తెల్లని దీపం వెలిగిస్తే ఆ అలవాటు చెదిరిపోయి, వెలుగు అవతల అంతా మరింత చీకటిగా తోస్తుంది. మసక ఎర్రదీపం వాడితే ఈ ఇబ్బంది ఉండదు. అలవాటైన కంటికి నక్షత్రకాంతిలోనే తిన్నెల అంచులు కనబడతాయి. విజయవాడలోకన్నా ధ్రువుడు ఇక్కడ సుమారు 9 డిగ్రీలు ఎత్తుగా కనబడటాన్నీ, దక్షిణాన అగస్త్యుడు అంతే కిందికి దిగి ఉండటాన్నీ పిల్లలకు చూపవచ్చు. అగస్త్యుడిని అరబ్బులు సుహైల్ అంటారు. ఆగస్టు చివర ఆ నక్షత్రం తెల్లవారుజామున కనబడితే వేసవి వెనుకబట్టినట్లు వారికి గుర్తు.

గుడారపు గోడ బయటి చీకటిని మరుగు చేసి కొందరికి ధైర్యమిస్తుంది. మరికొందరికి ఆ మరుగే అనుమానం కలిగిస్తుంది. అటువంటివారు చుట్టూ కనబడే ఊయలలోనే నిశ్చింతగా ఉంటారు. ఊగడం వల్ల నిద్ర త్వరగా పడుతుందన్న తల్లుల అనుభవానికి శాస్త్రం కూడా సాక్ష్యం చెప్పింది. జెనీవా విశ్వవిద్యాలయంలో 2011లో ప్రకటించిన పరిశోధనలో 12 మంది పురుషులు వేలాడే మంచం మీద మధ్యాహ్నం 45 నిమిషాలు పడుకున్నారు. మంచం నాలుగు సెకన్లకొకసారి మెల్లగా ఊగినప్పుడు వారు త్వరగా నిద్రపోయారు.

అన్నీ లెక్కవేస్తే, చెట్లు లేని, గాలి వీచే, చలి గల ఖతార్ ఎడారిలో కుటుంబానికి రాత్రి పడకగా గుడారమే తగినది. ఊయల పగటి విశ్రాంతికి, వెచ్చని వసంత రాత్రులకు బాగుంటుంది. శిబిరం వేయడానికి పర్యావరణ మంత్రిత్వశాఖ విధించే కాలపరిమితి, అనుమతి నియమాలను ముందుగా తెలుసుకుని మరీ బయలుదేరాలి.

కాపలా ఎవరిది?

టాంజానియాలోని హాడ్జా అనే వేటజాతి ప్రజల నిద్రను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2017లో తమ ఫలితాలు ప్రకటించారు. ముప్పై ముగ్గురు పెద్దలను గమనించగా, రెండు వందల గంటలకు పైబడిన పరిశీలనలో అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది మొత్తం మీద 18 నిమిషాలే. ఎవరూ కాపలా నియమించలేదు. వయసును బట్టి నిద్రవేళలు మారడం వల్ల ఎవరో ఒకరు మెలకువగా ఉంటూనే వచ్చారు. యువకులు ఆలస్యంగా పడుకున్నారు, వృద్ధులు పెందలాడే లేచారు. వృద్ధులకు నిద్ర పలచబడటం ఒకప్పుడు గుంపుకు రక్షణగా ఉపయోగపడి ఉండవచ్చునని వారి ఊహ.

చలికాలంలో పిల్లల దగ్గరికి ఊరి నుండి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు ఖతార్‌లో ఎందరో. "ఈ వయసులో మేమెందుకు ఎడారికి, మీరు వెళ్ళిరండి" అని వారు ఇంట్లోనే ఉండిపోతారు. వెచ్చని శాలువా, మడత కుర్చీ ఏర్పాటు చేసి వారినీ వెంట తీసుకువెళ్ళడం మంచిది. నడిరాత్రి మెలకువ వచ్చిన మనవరాలికి గుడారం బయట తాతగారి దగ్గు వినబడితే, ఆ పిల్ల మళ్ళీ కళ్ళు మూసుకోవడానికి అదే చాలు.